నింద వేఱు, నేరము వేఱు

మన యిండ్లలో నెవరికైన జ్వరము వచ్చినచో వైద్యుని బిలుతుము. పొరుగిల్లంటుకొన్నచో బిందెలతో నీళ్లు మోయుదుము. ఏటిలో బడినవానికి ఈత రానివాడు సయితము త్రాడైన విసరును. కాని యింటివానిమీద నేరారోపణము వచ్చినదన్న వార్త చెవిని బడినంతనే మనము చేయు మొదటి పని వీధితలుపు మూయుట; రెండవ పని బంధువులకు పొక్కకుండ జూచుట; మూడవ పని యెవరో యొక పెద్దమనిషిని బట్టుకొని లోపాయికారిగా సర్దుబాటు చేయ యత్నించుట. వచ్చిన యారోపణ మేది? దానికి చట్టము విధించు శిక్ష యెంత? అతని పక్షమున మాటలాడు న్యాయవాది యెవరు? ఈ మూడు ప్రశ్నలు వేయు గృహస్థులు మిక్కిలి యరుదు. చదువు లేనివారి మాట యటుండనిండు. పట్టములు గోడకు వ్రేలాడదీసిన యిండ్లలోను ఇదియే తీరు. ఈ విపరీతమును గూర్చియే మేమీ వ్యాసము వ్రాయబూనితిమి. మా మాటలు కొందఱకు కటువుగా దోచవచ్చును. చేదు మందునకు గాని కుదురని రోగమిది.

మేమెఱిగిన యొక కుటుంబపు వృత్తాంతమును ముందుగా జెప్పెదము. పేర్లును ఊరును చెప్పము. తండ్రి ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయుడు. తల్లియు చదువుకొన్నదే. కుమారుడు కళాశాలలో చివరి సంవత్సరము చదువుచుండెను. పొలముగట్టు విషయమై దాయాదులతో తగవు వచ్చి, మాటకు మాట పెరిగి, కఱ్ఱలు లేచి, అవతలివానికి తలమీద గాయమైనది. పిల్లవాడా గుంపులో నుండెను. పోలీసులు వ్రాసికొన్న ఎఫ్.ఐ.ఆర్.లో హత్యాయత్నమను మాట యెక్కినది. పిల్లవానిని దీసికొనిపోయిరి, మఱునాడు మేజిస్ట్రేటు రిమాండునకు బంపెను. తండ్రి, "మా వంశమున నెవ్వడును కోర్టు గడప త్రొక్కలేదు, నేనును త్రొక్కను" అని మంచము పట్టెను. మేనమామ యొక మధ్యవర్తిని దెచ్చెను. ఆ మహానుభావుడు "సెక్షను తీయించెద"నని చెప్పి, రెండు దఫాలుగా సొమ్ము గైకొని, పిమ్మట టెలిఫోను ఎత్తుట మానెను. తల్లి ప్రతివారమును జైలునకు ములాఖతుకై పోవుచు, త్రోవలో న్యాయస్థానపు ఆవరణమున "జిల్లా న్యాయసేవాధికార సంస్థ" యను పలకను జూచుచునే యుండెను. అది బిచ్చమెత్తుకొను వారి కొఱకని తలచి లోపల నడుగిడలేదు.

ఇట్లు 41 దినములు గడచినవి. అప్పుడు దూరపు బంధువొకరి బలవంతముమీద ఒక యువతి న్యాయవాదిని నియమించిరి. ఆమె చేసిన మొదటి పని కాగితములు తెప్పించి చదువుట. వైద్యుడిచ్చిన గాయపత్రమున, ఆ గాయము సామాన్యమైనదనియు, ఎముకకు దెబ్బ లేదనియు స్పష్టముగా వ్రాసియున్నది! ఆ పత్రమును జూపి సెషన్సు న్యాయస్థానమున బెయిలు కోరగా నాలుగవనాడు లభించెను. ఆ కాగితము మొదటి వారమునుండియు దస్త్రములో నున్నదే. చదివినవారు మాత్రము లేకపోయిరి. పిల్లవాడు ఇల్లు చేరునాటికి పరీక్షలు ముగిసినవి, సంవత్సరము పోయినది. అతనిని నిర్బంధించిన దెవరు? చట్టమని తండ్రి చెప్పును. మేమట్లు చెప్పజాలము. కొన్నిదినముల నిర్బంధము చట్టముది. తక్కిన నిర్బంధమంతయు ఆ యింటి సిగ్గుది.

ఈ సిగ్గునకు మూలమైన భ్రమలు మూడు. వానిని వరుసగా బరీక్షింతము.

మొదటి భ్రమ: "నిప్పు లేనిదే పొగ రాదు" అనునది. ఎవరిమీదనైన కేసు వచ్చినదనగా నతడేదో చేసియే యుండునని మన తీర్మానము. గురజాడ అప్పారావుగారు 1897లో బ్రకటించిన "కన్యాశుల్కము"ను మన చదువరులు మఱచియుండరు. అందు లుబ్ధావధానులు చంపినాడని నింద మోసిన పెండ్లికూతురు ఆడుపిల్లయే కాదు; ఆడువేషము వేసిన శిష్యుడు. చచ్చినదన్న పిల్ల యొడలు గిల్లకుండ బ్రతికియున్నది. చంపినాడన్న ముసలివాడు మాత్రము ఖూనీ కేసులో గడగడలాడినాడు. ఆ ఘట్టమునకు మనము నూఱేండ్లకు పైబడి నవ్వుచునే యున్నాము. నవ్వి, యింటికి వచ్చి, పొరుగువానిమీద కేసనగానే పొగయు నిప్పును అని సామెత జెప్పుచున్నాము.

అసలు ఎఫ్.ఐ.ఆర్. అననేమి? ఒకరు చెప్పిన మాటను పోలీసులు పుస్తకమున కెక్కించుట. వారెంటు లేకుండ పట్టుకొనదగిన నేరము జరిగినదని సమాచారము వచ్చినచో దానిని నమోదు చేయక తప్పదని సుప్రీంకోర్టు 2013లో లలితాకుమారి కేసున విధించినది. నమోదు చేయుట వారి విధి యైనప్పుడు, నమోదగుట నేరమునకు సాక్ష్య మెట్లగును? తర్వాత వచ్చునది ఛార్జిషీటు. అది దర్యాప్తు జరిపినవారి యభిప్రాయము. ఆపైని న్యాయాధిపతి అభియోగములను నిర్ణయించి ముద్దాయికి జదివి వినిపించును. విచారణ జరుపుటకు దగినంత యాధారము కలదని మాత్రమే దాని యర్థము. అటుపిమ్మట సాక్షులు, ఎదురుప్రశ్నలు, వాదములు, తీర్పు. ఇన్ని మెట్లుండగా మనము మొదటిమెట్టుమీదనే నిలిచి యావజ్జీవ శిక్ష వేయుచున్నాము. టెలివిజనువారు ముద్దాయి ముఖమును జూపి "నేరస్థుడు" అని యరచినచో మనము కాఫీ త్రాగుచు తల యూపుచున్నాము. నిందకును నేరమునకును నడుమ నున్న దూరమునకే న్యాయమని పేరు. ఆ దూరమును చెఱిపివేయు సంఘమున న్యాయస్థానము లెందుకు?

నిందను సరిగా నెదుర్కొనవలెనన్న దాని పేరు మొదట దెలియవలెను. 1860లో బుట్టిన ఇండియన్ పీనల్ కోడు 2024 జూలై 1వ తేదీన దొలగి, దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. విచారణ పద్ధతికి భారతీయ నాగరిక సురక్షా సంహిత, సాక్ష్యమునకు భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినవి. ఆ తేదీకి ముందు జరిగిన నేరములకు పాత కోడు శిక్షలే వర్తించును. కావున కాగితముమీద నున్న సంఖ్య యే చట్టములోనిదో మొదట జూడవలెను. ఆ సంఖ్య జాతకములోని గ్రహము కాదు, భయపడి శాంతి చేయించుటకు. అది యొక నిర్వచనము, చదివి యర్థము చేసికొనుటకు.

పైని జెప్పిన గట్టు తగవునే తీసికొందము. కొట్లాట యొక్కటే, చట్టమున దానికి పేర్లు పెక్కు. సామాన్యమైన దెబ్బ తగిలినచో కొత్త సంహిత 115వ సెక్షను ప్రకారము ఏడాది వఱకు ఖైదు, లేదా 10,000 రూపాయల వఱకు జుల్మానా, లేదా రెండును. ఎముకయో పన్నో విఱిగినచో అది తీవ్రగాయము. 117వ సెక్షను ప్రకారము ఏడేండ్ల వఱకు ఖైదు. చంపవలెనను నుద్దేశముతో గొట్టినట్లు ఋజువైనచో 109వ సెక్షను. పదేండ్ల వఱకు ఖైదు, గాయమైనచో యావజ్జీవము వఱకును పోవచ్చును. ఏడాదికిని యావజ్జీవమునకును నడుమ నున్నది రెండే విషయములు: గాయపు లోతు, కొట్టినవాని మనసు. మొదటిదానికి వైద్యుని పత్రము, రెండవదానికి సాక్షుల మాట. ఆ రెంటిని బరీక్షించు నేర్పు గలవాడు లేనిచో, ఫిర్యాది కోపములో బలికిన మాటయే పిల్లవాని జీవితమునకు గొలబద్ద యగును.

"వఱకు" అను మాటను మన గృహస్థులు చూడరు. పదేండ్ల వఱకు అనగా పదేండ్లు తప్పవని కాదు, అది హద్దు. కొన్ని నేరములకు క్రింది హద్దును గలదు. ఏ సెక్షనున కేది కలదో తెలిసికొనవలెను. శిక్షలు ఉరి, యావజ్జీవము, ఖైదు, ఆస్తి జప్తు, జుల్మానా అని మాత్రమే మనకు దెలియును. కొత్త సంహిత వీనికి సమాజసేవ యను నాఱవదానిని జేర్చినది. 5,000 రూపాయలకు లోపు విలువగల సొత్తును మొదటిసారి దొంగిలించినవాడు దానిని దిరిగి యిచ్చినచో నతనికి శిక్ష సమాజసేవయే. ఈ సంగతి యెఱుగక, ఎవడో యొక చిన్న వస్తువు తీసినాడని వానిని జైలునకు బంపుదుమని బెదరించువారు మనలో లేరా?

మఱియొక మాట మన యిండ్లలో పిడుగువలె బడుచుండును. అది "నాన్-బెయిలబుల్" అనునది. ఆ మాట విని తల్లులు మూర్ఛిల్లుట మేమెఱుగుదుము. బెయిలు రానేరాదని దాని యర్థము కాదు. బెయిలబుల్ నేరములలో బెయిలు ముద్దాయి హక్కు. నాన్-బెయిలబుల్ నేరములలో నది న్యాయాధిపతి విచక్షణకు లోబడినది. అడుగవలెను, కారణము చూపవలెను, అంతియే. ఏడేండ్లకు మించని శిక్షగల నేరములలో అరెస్టు యాంత్రికముగా జేయరాదనియు, అవసరమెందుకో కారణములు వ్రాయవలెననియు 2014లో అర్ణేశ్ కుమార్ కేసున సుప్రీంకోర్టు శాసించినది. అవసరము లేనప్పుడు హాజరు కమ్మని నోటీసిచ్చుటయే పద్ధతి. ఆ నోటీసు వచ్చినచో దాగరాదు. న్యాయవాదిని జూచి హాజరు కావలెను. దాగినవానికి నోటీసు రక్షణము పోవును.

రెండవ భ్రమ: "తప్పు చేయనివానికి వకీలెందుకు? సత్యమే జయించును" అనునది. వినుటకు వేదాంతమువలె నున్నది. కాని సత్యము తనంత తాను బోనెక్కి మాటలాడదు. అది కాగితములలో, తేదీలలో, సాక్షుల జ్ఞాపకములలో దాగియుండును. దానిని వెలికి దీయవలెను. పై కథలో గాయపత్రము సత్యమే చెప్పినది. ఆ సత్యము 41 దినములు దస్త్రములో నిద్రించినది గదా!

మన రాజ్యాంగపు 22వ అధికరణము అరెస్టయిన ప్రతివానికిని కారణము దెలిసికొను హక్కును, తనకిష్టమైన న్యాయవాదిని సంప్రదించు హక్కును ఇచ్చినది. ప్రయాణకాలము గాక 24 గంటలలోపల మేజిస్ట్రేటునొద్దకు గొనిపోవలెనని విధించినది. 20వ అధికరణము తనమీద తానే సాక్ష్యము చెప్పుమని యెవ్వరిని నిర్బంధింపరాదన్నది. అరెస్టు వార్తను బంధువుకో మిత్రునికో తెలుపవలెను. ప్రశ్నించు సమయమున, మొదటినుండి చివఱి వఱకు గాకున్నను, న్యాయవాదిని గలిసికొననీయవలెను. పోలీసు అధికారితో నొప్పుకొన్న మాట నేరమునకు ఋజువు కాదు. దానివలన బయటపడిన వస్తువునకు సంబంధించిన భాగము మాత్రము చెల్లును. అత్యవసరమై మేజిస్ట్రేటు అనుమతి యున్ననే తప్ప స్త్రీని సూర్యాస్తమయమైన పిమ్మట, సూర్యోదయమునకు ముందు అరెస్టు చేయరాదు. సాక్ష్యమడుగుటకై స్త్రీలను, అఱువదేండ్లు దాటిన వృద్ధులను ఠాణాకు రమ్మని బలవంతపెట్టరాదు. వారున్న చోటికే పోయి యడుగవలెను.

అరెస్టునకు గారణములను వ్రాతమూలముగా, అరెస్టయినవానికి దెలిసిన భాషలో నీయవలెననియు, రిమాండునకు బంపుటకు గనీసము రెండు గంటల ముందైన నవి చేతికందవలెననియు సుప్రీంకోర్టు 2025 నవంబరున అన్ని నేరములకును వర్తించునట్లు చెప్పినది. తెలుగువారు దీనిని గుండెల మీద వ్రాసికొనదగును. ఒకనాడు ఫారసీ మాటలలో, పిమ్మట ఇంగ్లీషు మాటలలో మన నెత్తిని బడిన న్యాయము మనకెప్పుడును మంత్రమువలెనే వినబడినది. వకాల్తానామా, పంచనామా, ముచ్చలిక, రిమాండు, ఛార్జిషీటు: మాటలు మన నోట నానినవి గాని, యర్థములు మన యింటికి రాలేదు. "తెలుగులో వ్రాసియిండు" అని యడుగుట ఇక ధిక్కారము కాదు, హక్కు.

కాని యీ హక్కులన్నియు అడిగినవానికే దక్కును. అడుగనిదే అమ్మయైన పెట్టదనిరి మన పెద్దలు. అమ్మయే పెట్టనప్పుడు ఠాణా పెట్టునా? ఒక్క యుదాహరణము చాలును. ఉరి, యావజ్జీవము, లేక పదేండ్లు గాని యంతకు మించి గాని శిక్షగల నేరములలో 90 దినములలోను, తక్కినవానిలో 60 దినములలోను దర్యాప్తు ముగించి ఛార్జిషీటు వేయనిచో, జైలులో నున్న ముద్దాయికి బెయిలు హక్కగును. అయితే ఛార్జిషీటు పడకముందే దానిని కోరవలెను. కోరక యూరకున్నచో, ఆలస్యముగా నైనను ఛార్జిషీటు పడినంతనే ఆ హక్కు ఆవిరియగును. దినములు లెక్కించు న్యాయవాది యున్నవాడు ఇంటికి వచ్చును. లేనివాడు లోపలనే యుండును. ఇద్దఱి నేరము నొక్కటే, చట్టము నొక్కటే.

లోపల నుండువా రెందఱో తెలియునా? జాతీయ నేర నమోదు సంస్థవారి లెక్కప్రకారము 2022 చివర మన దేశపు జైళ్లలో 5,73,220 మంది యుండగా, వారిలో 4,34,302 మంది విచారణ ముగియనివారు. నలుగురిలో ముగ్గురు! శిక్షపడినవారి కొఱకు గట్టిన కారాగారములను శిక్షపడనివారు నింపియున్నారు. 1979లో హుసైనారా ఖాతూన్ కేసున బీహారు జైళ్ల స్థితి బయల్పడినప్పుడు, నేరము ఋజువైనచో పడు గరిష్ఠ శిక్షకంటె నెక్కువకాలము విచారణకై వేచియున్నవారు అందు గనబడిరి. సత్వర విచారణమును, పేదవానికి ఉచిత న్యాయసహాయమును జీవించు హక్కులోని భాగములే యని సుప్రీంకోర్టు నాడు చాటినది. నేటి సురక్షా సంహిత 479వ సెక్షను, ఉరి గాని యావజ్జీవము గాని లేని నేరములలో, మొదటిసారి కేసులో జిక్కినవాడు గరిష్ఠ శిక్షలో మూడవవంతును, తక్కినవారు సగమును జైలులో గడపినచో విడుదలకు మార్గము చూపినది. ఒకటికి మించిన కేసులున్నవారి కీ సదుపాయము లేదు. ఈ లెక్క వేయవలసిన బాధ్యత జైలు అధికారిమీద నున్నది. ఇంటివారు వేసికొనకూడదని యెవరనిరి?

మూడవ భ్రమ మిక్కిలి యపాయకరమైనది: "నేరస్థుని పక్షమున వాదించు వకీలు పాపి" యనునది. ఏదైన ఘోరము జరిగినప్పుడు, ముద్దాయికి ఎవ్వరును వకాల్తా తీసికొనరాదని న్యాయవాద సంఘములే తీర్మానములు చేయుట మనము చూచుచున్నాము. కోయంబత్తూరులో నట్టి తీర్మానము చేసిరి. అక్కడి ముద్దాయిలెవరో తెలిసిన మీరాశ్చర్యపడుదురు. వారు పోలీసులు! న్యాయవాదులతో ఘర్షణపడిన పోలీసుల కేసు తీసికొనరాదని యా తీర్మానము. అట్టి తీర్మానములు రాజ్యాంగమునకును వృత్తిధర్మమునకును విరుద్ధములని సుప్రీంకోర్టు 2010లో ఖండించినది. నేడు పట్టుకొనువాడు రేపు పట్టుబడవచ్చును. అందఱకు నొకనాడు కావలసివచ్చునదే న్యాయవాది.

2008లో ముంబాయి మీద దాడి చేసి పట్టుబడిన కసబునకు సయితము న్యాయవాదిని నియమించియే మన దేశము విచారించినది. 2012లో నతని యురిశిక్షను ఖాయము చేసిన తీర్పులోనే, మేజిస్ట్రేటు ముందు మొదటిసారి నిలిపినప్పుడే ముద్దాయికి న్యాయవాది హక్కును దెలుపుట మేజిస్ట్రేటు విధి యని సుప్రీంకోర్టు చెప్పినది. అట్టివానికి దక్కిన హక్కు మన వీధిలోని ఆటో తోలువాని కొడుకునకు దక్కదా? బాధితులకు న్యాయము కావలెనని యడుగువారును ఇది యోచింపవలెను. 1986లో సుఖదాస్ కేసున, న్యాయవాది లేకుండ విచారించి వేసిన శిక్షను సుప్రీంకోర్టు కొట్టివేసినది. రక్షణవాదము లేని శిక్ష పునాది లేని గోడ. నిలువదగిన శిక్షను గోరువాడు ముద్దాయికి మొదట వకీలును గోరవలెను.

మేము నేరస్థులకు వకాల్తా పుచ్చుకొంటిమని కొందఱనవచ్చును. అది కాదు. ఆరోపింపబడిన ప్రతివాడును నిర్దోషి యని మేమనము. దోషి యైనవానికి శిక్ష పడవలసినదే. కాని చేసిన నేరమునకు బడవలెను గాని, చేయని నేరమునకు గాదు. చట్టము చెప్పినంత పడవలెను గాని, మన కసి చెప్పినంత గాదు. తప్పు చేసినవానికి సయితము ఒప్పుకొనుటయా, రాజీ పడుటయా, శిక్షలో తగ్గింపు కోరుటయా యని తెలుపువాడొకడు కావలెను. ఏ నేరములలో రాజీ చెల్లునో, వేనిలో చెల్లదో చట్టము పట్టిక వేసి చూపినది. ఆ పట్టికను జూడకుండ రచ్చబండ వద్ద కుదుర్చుకొన్న రాజీలు న్యాయస్థానమున నీటిబుడగలు.

ఇక న్యాయవాదిని నియమించు తీరును గూర్చి. మనవారు అల్లుని వెదకుటకు మూడు తరముల చరిత్ర దీయుదురు. వకీలును మాత్రము కోర్టు గుమ్మమున మొదట పలుకరించినవాని వెంట బోయి కుదుర్చుకొందురు. ఆ పలుకరించినవాడు తఱచుగా వకీలు కాడు, దళారి. వీరిని న్యాయస్థానములనుండి తొలగించుటకు 2023లో అడ్వకేట్ల చట్టమును సవరింపవలసివచ్చినదనగా, వీరి ప్రాబల్యమెంతటిదో తెలియును. "జడ్జిగారు మావారు, ఎస్సైగారు మావారు" అనువాడు మీవాడు మాత్రము కాడు. వాని చేతిలో బెట్టు సొమ్ము లంచమైనచో నది మఱియొక నేరము, కానిచో మోసము.

న్యాయవాదిని జూచినప్పుడు సంకోచింపక యడుగుడు: ఇట్టి కేసులు ఈ న్యాయస్థానముననే నడపియున్నారా? మీరు రాలేని దినమున నెవరు వత్తురు? బెయిలునకు రుసుమెంత, విచారణకు వేఱుగా నెంత? రసీదు నిత్తురా? జైలునకు వచ్చి పిల్లవానితో స్వయముగా మాటలాడుదురా? మంచి న్యాయవాది యీ ప్రశ్నలకు గోపగింపడు. "తప్పక విడిపించెద"నని ప్రమాణము చేయువానిని నమ్మకుడు. తీర్పు అతని చేతిలోనిది కాదు. గెలిచిననే రుసుము, గెలిచినదానిలో వాటా అను బేరములు బార్ కౌన్సిలు నియమములకు విరుద్ధములు. వకాల్తానామా మీద చదువక చేవ్రాలు చేయకుడు. ఖాళీ కాగితముమీద నెప్పుడును చేయకుడు. ఎఫ్.ఐ.ఆర్., ఛార్జిషీటు, సాక్షుల వాఙ్మూలములు, వైద్యపత్రములు అన్నింటి నకళ్లను ఇంటిలో నుంచుకొనుడు. పోలీసు ఛార్జిషీటుమీద సాగు కేసున ముద్దాయి హాజరైన 14 దినములలో నీ నకళ్లను ఉచితముగా నీయవలెనని చట్టము. ఆ వకీలుతో మాత్రము నిజము దాపకుడు. జరిగినదానిని గూర్చి మీరతనికి జెప్పిన మాటను మీ యనుమతి లేక బయటపెట్టరాదని చట్టమే యతని నోరు కట్టినది. వైద్యునికి రోగము దాచినవాడును వకీలుకు నిజము దాచినవాడును తమ గోతిని తామే త్రవ్వుకొందురు.

"ఇదంతయు డబ్బున్నవారి ముచ్చట" యని యొక యాక్షేపణ కలదు. న్యాయమగుపడని మాట కాదు. ఓడినవాడు కోర్టులో నేడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చునను సామెత ఊరక పుట్టలేదు. వాయిదాలతో కక్షిదారులను బీల్చు వకీళ్లును, కేసు కట్ట విప్పకయే బోనుముందు నిలుచువారును ఉన్నారు. వారిని సమర్థించుట మాపని కాదు. కాని యందుకు మందు వకీలు లేకుండుట కాదు. 1987లో జేసి 1995 నవంబరు 9వ తేదీన అమలునకు దెచ్చిన న్యాయసేవాధికార సంస్థల చట్టప్రకారము నిర్బంధములో నున్న ప్రతివానికిని, ప్రతి స్త్రీకిని, పిల్లలకును, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని, ఆదాయ మెంతయని యడుగకయే ఉచితముగా న్యాయవాదిని గోరు హక్కు కలదు. 2022నుండి ముద్దాయిల కేసులే చూచు న్యాయవాదులను జిల్లాలలో నియమించుచున్నారు. 15100 అను సంఖ్యకు టెలిఫోను చేసినను దారి చెప్పుదురు. ఆ సేవలో లోపములున్నచో ఫిర్యాదు చేసి బాగుచేసికొనవలెను. బిచ్చమని తలచి దాటిపోరాదు. పైని జెప్పిన తల్లి ప్రతివారమును దాటిపోయిన పలకమీద వ్రాసియున్నది ఆమె కుమారుని హక్కు. అది యెవరి దయయు గాదు.

గృహిణులకు ప్రత్యేకముగా నొక మాట. ఇట్టి యాపద వచ్చినప్పుడు మగవారు పరువును బట్టుకొని కూర్చుందురు. జైలు ద్వారమున వరుసలో నిలుచునది మీరే. అందువలన నీ సంగతులు మీకే ముందుగా దెలియవలెను. వంటింటి గోడమీద పాలవాని లెక్కయు, పండుగల తిథులును వ్రాసికొందురు గదా. వాని ప్రక్కన 24 గంటలు, 60 దినములు, 90 దినములు, 15100 అని వ్రాసికొనుడు. అక్కఱ రాకుండుగాక. వచ్చినచో మీ యింటికి గాకున్నను పొరుగింటికైనను పనికివచ్చును.

మన తాతల నాడు మశూచికము వచ్చిన యింటివైపు ఊరు చూడకుండెను. రోగిని విడిచినవారు తమకా రోగము రాదని తలచిరి. అది వారినిని వదలలేదు. నేరారోపణమును అట్టిదే. అది గుణమును జూచి రాదు. గట్టు తగవులో వచ్చును, కూడలిలో బండి తగిలి వచ్చును, వియ్యపువారి పగతో వచ్చును, పేరు పోలికచేతను వచ్చును. నిందపడినవాని యింటికి మొదట పోవలసినవాడు చుట్టము. వెంట గొనిపోవలసినది ఓదార్పు మాత్రమే కాదు, ఒక న్యాయవాది పేరు. తలుపు మూసికొన్న యింటివారిని మేమడుగునది యిదియే: మీ పిల్లవాడు తప్పు చేసెనో లేదో న్యాయస్థానము తేల్చును, అది తేలు వఱకు వానిప్రక్కన నిలుచుటకు మీకు సిగ్గెందుకు?